శుక్రవారం కళ్ళు

"తలనొప్పయితే పడుకోమ్మా, ఎవరొద్దన్నారు? పడుకోబోయే ముందు మాత్రం ఆ కోడిముక్కలకి కాస్త ఉప్పూ కారం పెరుగూ పట్టించు. నే వచ్చాక దమ్ముకి వేసేద్దాం" అంది సామ్రాజ్యమ్మ, పాటల పుస్తకమున్న సంచీ భుజానికి తగిలించుకుంటూ.

తలనొప్పి అబద్ధం. ఆ సంగతి అత్తగారికి కూడా తెలుసేమోనని రెజీనాకి ఓ అనుమానం. ఆర్నెల్లుగా క్యాలెండరు చూసుకుని మరీ శుక్రవారం శుక్రవారం వచ్చే తలనొప్పిని ఎంత అమాయకురాలైనా ఎన్నాళ్ళని నమ్ముతుంది? దోహాలో ఆదివారం ఆఫీసులుంటాయి కాబట్టి ఇక్కడ ఆరాధన శుక్రవారమే. పదింటికి మొదలైతే ఒంటిగంటకి గానీ వదలరు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో రెజీనాకంటూ దొరికిన తీరిక ఆ మూడు గంటలే. దాన్ని దేవుడి దగ్గర దొంగిలించానన్న బాధ ఆమెకి మొదటి నుంచీ ఉంది. ఇవాళ ఆ బాధ చిన్నదైపోయింది. అంతకంటే పెద్ద దొంగతనం ఒకటి నిన్న సాయంత్రం నుంచీ గుండెల మీద కూర్చుని దిగనంటోంది.

వెస్లీ వంగుని పాపకి చెప్పులు తొడుగుతున్నాడు. "రిపోర్టు సంగతి మర్చిపోకు. ఎల్లుండి పొద్దున్నే మేనేజరు టేబుల్ మీద ఉండాలి. ప్రపంచకప్పుకి ఆర్నెల్లే ఉంది, అందరి మెడ మీదా కత్తే."

"తలనొప్పి అన్నాను కదండీ."

"తగ్గాకే రాయి. నువ్వు చేసేదేముంది, నేను చెప్పింది ఇంగ్లీషులో పెట్టడమేగా."

తలుపు మూసుకుంది. కాసేపటికి లిఫ్టు తలుపు దడేలుమంది. అల్ హిలాల్‌లో వాళ్ళుండే బిల్డింగు పాతది. ఆ లిఫ్టు మూసుకుంటే నాలుగు ఫ్లోర్ల వాళ్ళకీ తెలుస్తుంది.

వెస్లీ పనిచేసే కంపెనీ ఒక స్టేడియం చుట్టూ రోడ్లు వేస్తోంది. నెలనెలా అతను సంచిలో కుక్కి తెచ్చే చిత్తుకాగితాలూ ఫోన్లో తీసిన ఫొటోలూ కలిపి ముప్పై పేజీల రిపోర్టుగా తయారుచేసేది రెజీనాయే. నాలుగేళ్ళుగా అంతే. పోయిన నెల అతనికి "ఉత్తమ నివేదికలు" అని చెక్కిన గాజుపలక బహుమతిగా వచ్చింది. విందులో ఎవరో పొగిడితే, "మా మిసెస్ టైపింగ్ హెల్ప్ చేస్తుంది లెండి" అని నవ్వాడు. రెజీనా కూడా నవ్వింది. ఆ గాజుపలక ఇప్పుడు టీవీ పక్కన ఉంది. దుమ్ము పడితే తుడిచేది కూడా ఆమే.

నిన్న సాయంత్రం ఈమెయిల్లో వచ్చిన ఉత్తరం హైదరాబాదు నుంచి ఖగోళశాస్త్రం ప్రొఫెసరు డాక్టర్ మాలతి గారు రాసింది. పదకొండేళ్ళ కిందట రెజీనా ఆవిడ దగ్గరే పీహెచ్‌డీకి చేరింది. రెండేళ్ళయ్యాక పెళ్ళీ, వీసా, పాపా, ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. మధ్యలో వదిలేసిన చదువు చుట్టాలింట్లో మరిచిపోయిన గొడుగులా ఉండిపోయింది. వెళ్ళి తెచ్చుకుందామంటే మొహం చెల్లలేదు. కిందటేడు మాలతి గారే కబురు పెట్టారు. "నాకు చూసే కళ్ళు కావాలి రెజీనా. ఇంట్లో ఖాళీగా ఉన్నావని కాదు, నీకు చూడటం వచ్చని అడుగుతున్నాను." ఆ మాట చదివి రెజీనా వంటింట్లో నిలబడి ఏడ్చింది. ఉల్లిపాయలు అని చెప్పింది అత్తగారితో.

ఇంతకీ చూడాల్సింది ఏమిటంటే, ఏమీ లేనిచోట ఏదైనా ఉందా అన్నది. గెలాక్సీలు ఆకాశమంతా సమంగా పరుచుకుని ఉండవు. మన ఊళ్ళు కాలవల వెంటా రోడ్ల వెంటా ఉన్నట్టే గుంపులుగా, బారులుగా ఉంటాయి. వాటి మధ్య కోట్ల కాంతి సంవత్సరాల మేర శూన్యాలు. అవి నిజంగా ఖాళీయేనా, లేక మన కంటికి ఆననంత మసగ్గా చిన్నచిన్న మరుగుజ్జు గెలాక్సీలు అక్కడ బతుకుతున్నాయా? సిద్ధాంతమేమో చాలా ఉండాలంటుంది. టెలిస్కోపుకేమో కొన్నే దొరుకుతున్నాయి. కంప్యూటరు అనుమానమున్న ఫొటోలు ఏరి ఇస్తుందిగానీ, పక్కనున్న పెద్ద నక్షత్రపు వెలుగు చిందిందో, మన గెలాక్సీ ధూళి అడ్డొచ్చిందో, కెమెరా తప్పో దానికి ఓ పట్టాన తెలీదు. మనిషి చూడాలి. వారానికి రెండొందల ఫొటోలు. ఉంది, లేదు, అనుమానం. ముగ్గురు మనుషులు, మూడు జాబితాలు.

షరతు ఒకటే. ఒకరి జాబితా ఒకరి కళ్ళతోనే నిండాలి. ఎందుకంటే మాలతి గారు ఆ ఫొటోల్లో కొన్నిటికి దొంగ మసకలు తనే అతికించి పంపుతారు. అలాంటివి వందకి ఎన్ని పట్టుకున్నారన్నది చూసి ఎవరి కన్ను ఎంత వదిలేస్తుందో కొలుస్తారు. ఆ కొలతను బట్టే శూన్యాల్లో మొత్తం ఎన్ని మరుగుజ్జులుంటాయో లెక్క కడతారు. కన్ను మారితే లెక్క తప్పుతుంది.

ఇంట్లో దీని మీద వచ్చిన అభిప్రాయాలు రెండు. సామ్రాజ్యమ్మ, "శూన్యంలో ఏముంటుందమ్మా, శూన్యమే ఉంటుంది" అంది. వెస్లీ, "ఆకాశంలో ఏం పోయిందని వెతుకుతున్నావు? నా నీలం ఫైలు ఇంట్లోనే కనపడట్లేదు, అది వెతుకు" అన్నాడు. ఫైలు అతని కారులోనే దొరికింది.

ఫిబ్రవరి పద్దెనిమిదిన జరిగింది అసలు సంగతి. రెజీనా సగం ఫొటోలు చూసి, స్టవ్ మీద పాలు పొంగితే లేచి వెళ్ళింది. గంగామణి బల్ల తుడుస్తోంది. దగ్గర్లోనే ఒక అరబ్బుల విల్లాలో పనిచేస్తుందామె. శుక్రవారం సెలవు రోజున వచ్చి వీళ్ళింట్లో గిన్నెలూ గదులూ చూసి వెళుతుంది. మెట్‌పల్లి వైపు మనిషి, నలభై అయిదు దాటి ఉంటాయి. రెజీనా పాలగిన్నె దించి వచ్చేసరికి గంగామణి తడిగుడ్డతో లాప్‌టాప్ తెరని రుద్దుతోంది.

"ఏం చేస్తున్నావు!"

"గీడ మరక వడ్డది మేడం. ఎంత రుద్దినా పోతలేదు."

"మరకేంటి? ఎక్కడ?"

"గిదో." వేలు పెట్టి చూపించింది. రెజీనాకి బూడిదరంగు తప్ప ఏమీ కనపడలేదు. ఆ ఫొటోకి రెండు నిమిషాల ముందే ఆమె "లేదు" అని కొట్టింది. గంగామణిని మందలించబోయి, ఎందుకో వెలుగూ చీకటీ కాస్త పెంచి చూసింది. సరిగ్గా ఆ వేలి కింద, ఊపిరి తగిలిన అద్దం మీద మిగిలినంత మసక.

"నీకెలా కనపడింది?"

"బీడీలాకు సూసిన కండ్లు మేడం. ఆకు ఎలుగుకు వట్టి సూస్తం. సూది మోపంత పొక్క ఉన్నా బీడి గుంజది, కార్ఖానల వాపస్ కొడ్తరు. సక్కగ సూస్తె కనవడది. జర పక్కకు సూడాలె. అప్పుడు అదే కనవడ్తది."

ఆకాశం చూసేవాళ్ళకి మొదట నేర్పే చిట్కా కూడా అదే. రెజీనా రెండేళ్ళు చదివి, తొమ్మిదేళ్ళలో మరిచిపోయింది.

ఆ ఫొటోని "ఉంది"లోకి మార్చి, ఆ రోజు సరదాకి ఇంకో పది చూపించింది. మరుసటి శుక్రవారం యాభై. ఆ తర్వాత రెండొందలూ గంగామణే. ఇంగ్లీషు రాదు కాబట్టి పాప గోళ్ళరంగుతో మూడు మీటల మీద మూడు చుక్కలు పెట్టింది రెజీనా. ఎరుపు ఉంది, గులాబీ లేదు, ఊదా అనుమానం. గంగామణి కుర్చీలో కూర్చుని, మెడ ఓ పక్కకి వంచి, మీటలు నొక్కుతూ పోయేది. రెజీనా గిన్నెలు తోమేది, ఇల్లు తుడిచేది. లిఫ్టు దడేలుమనగానే ఇద్దరూ చోట్లు మారేవాళ్ళు. గంగామణి సింకు దగ్గరికి, రెజీనా నుదుటి మీద చెయ్యేసుకుని సోఫాలోకి. తలుపు తెరుచుకునేసరికి ఎక్కడి వాళ్ళక్కడ. ఆమె పని నేను చేస్తున్నాను, నా పని ఆమె చేస్తోంది, చెల్లుకి చెల్లు అని రెజీనా తనకి తాను చెప్పుకుంది. వారం చివర జాబితా కింద "ఇవన్నీ నేనే చూశాను" అన్న వాక్యం దగ్గర టిక్కు పెట్టేటప్పుడు మాత్రం ఆ చెల్లు సంగతి గుర్తుకు రానిచ్చేది కాదు. గిన్నెల కింద ఎవరి పేరూ రాయరు, జాబితా కింద రాస్తారు. ఆ తేడా ఆమెకి తెలీక కాదు.

నిన్నటి ఉత్తరం నిండా సంతోషమే. గంగామణి రుద్దిన ఆ మసకని మిగతా ఇద్దరూ లేదన్నారు, రెజీనా జాబితాలోనే ఉంది. అదృష్టం కొద్దీ ఒక పెద్ద టెలిస్కోపులో కాస్త సమయం దొరికి, దూరం కొలిచారు. నిజంగానే మరుగుజ్జు గెలాక్సీ, నిజంగానే శూన్యం మధ్యలో. పరిశోధన పత్రంలో తన పేరు తర్వాత రెజీనా పేరే పెడతానన్నారు మాలతి గారు. పీహెచ్‌డీకి మళ్ళీ నమోదు చేయించే పూచీ తనదన్నారు. కాగితం కూడా జతచేశారు. చివర్లో ఒక ప్రశ్న. "ఫిబ్రవరి దాకా నువ్వు వందకి యాభై ఎనిమిది పట్టుకునేదానివి. ఆ తర్వాత తొంభై ఒకటి. ఏప్రిల్లో రెండు వారాలు మళ్ళీ యాభై ఎనిమిదికి పడిపోయి, మళ్ళీ లేచావు. ఏం జరిగింది? అలవాటు పడ్డావా, తెర మార్చావా? కారణం పత్రంలో రాయాలి. ఇంత బాగా చూసే కన్ను ఇన్నేళ్ళూ వంటింట్లో ఉండిపోయిందని నాకు భలే కోపం వస్తోంది."

ఏప్రిల్లో ఆ రెండు వారాలూ రంజాన్ వంటల హడావుడిలో విల్లా వాళ్ళు గంగామణికి సెలవివ్వలేదు.

"అలవాటు పడ్డాను" అని రెజీనా జవాబు రాసి పెట్టుకుంది. రెండు మాటలు. పంపలేదు. రాత్రంతా కళ్ళు మూస్తే ఆ రెండు మాటలే కనపడ్డాయి.

గంగామణి వస్తూనే నల్లటి అబాయా విప్పి తలుపు వెనక తగిలించింది. "ఏంది మేడం, మొకం గిట్ల గుంజుకపోయింది? నిజంగనే తల నొస్తున్నదా ఏంది?"

"అది దొరికింది గంగామణీ. నువ్వు తుడిచిన మరక. నిజంగానే గెలాక్సీ అట."

"ఏది, గా పోని మరకనా?"

"అదే. అక్కడి వెలుతురు మన దాకా రావడానికే ముప్పై కోట్ల ఏళ్ళు పట్టింది. చుట్టుపక్కల చాలా దూరం దాకా ఇంకేమీ లేదు."

గంగామణి కుర్చీలో కూలబడింది. "అవ్వా! చుట్టుముట్టు ఎవ్వలు లేకుంటనా? గంత జాగల ఒక్కతే ఎట్లున్నదో పాపం." కాసేపు తెర వంక చూసింది. మొహం చిన్నపిల్ల మొహంలా అయింది. "మల్ల చెప్పినవా మీ పెద్ద మేడంకు? పట్టింది నేనేనని?"

ఏ ఎత్తుగడా లేకుండా నవ్వుతూ అడిగింది. అందుకే రెజీనాకి ఎక్కడో గుచ్చుకుంది.

"నీ పేరు బయటికొస్తే నీకే ఇబ్బంది. సెలవు రోజు బయట పనికెళుతున్నావని విల్లా వాళ్ళకి తెలిస్తే ఊరుకుంటారా?"

"మా విల్లా అర్బాబు నీ చుక్కల కాయితం సదువుతడా మేడం?"

తప్పు దొరికిపోతే మనిషికి కోపం వస్తుంది. రెజీనాకి వచ్చింది. "అయినా నువ్వు చేసిందేముంది గంగామణీ, నేను చూపించింది చూశావంతేగా."

అన్నాక తెలిసింది ఏమందో. మాటే కాదు, ఆ విసురు, చివర్లో ఆ తేలిక నవ్వు, అన్నీ రెండు గంటల కిందట గుమ్మం దగ్గర తను విన్నవే. టీవీ పక్కన గాజుపలక మీద ఎండ పడి మెరుస్తోంది. సిగ్గుతో రెజీనా చెవులు కాలిపోయాయి. నాలుగేళ్ళుగా ఆ మాట వెస్లీ అన్నప్పుడల్లా మనసులో ఎన్ని తిట్లు తిట్టుకుందో, అన్నిటికీ ఇప్పుడు తనే హక్కుదారు.

గంగామణికి కోపం రాలేదు. అదే ఇంకా బాధ. "గంతే మేడం, సూసుడే గద" అంటూ లేచి గుడ్డ అందుకుంది. బల్ల తుడుస్తూ, ఊరి కబురు చెప్పినట్టు చెప్పింది. "నాకు గిది కొత్త కాదు. పన్నెండేండ్లు బీడీలు చుట్టిన. బీడీల కార్డు మా అత్త పేరు మీదుండె. నేను చుట్టినయన్ని గామె పేరు మీదనే పడ్డయి. ఇప్పుడు గామెకు పింఛన్ అస్తది. మంచిగనే సూస్తది నన్ను, అబద్దమెందుకు. గని నేను బీడీలు చుట్టిన అని యాడ రాసి లేదు. గల్ఫ్‌కు వోవాలని ఏజెంటు కాడికి వోతె, ఇంతకుముందు ఏం పని చేసినవ్ అని అడిగిండు. మా ఆయన చెప్పిండు, ఏం చెయ్యలే, ఇంటికాడనే ఉండె అని. గట్లనే రాసుకున్నడు."

ఇంటికాడనే ఉండె. మాలతి గారు పంపిన నమోదు కాగితంలో "గత తొమ్మిదేళ్ళలో చేసిన వృత్తి" అన్న గడి ఉంది. నిన్న రెజీనా అందులో "ఏమీ లేదు" అని నింపింది. నింపి, లోకం మీద కోపం తెచ్చుకుంది. ఆ కోపం నిజమైనదే. పదకొండు శుక్రవారాలు ఇంకో ఆడమనిషి చూపుని తన పేరు కింద వేసుకుంటున్నప్పుడు కూడా ఆ కోపం అలాగే ఉంది, ఏ అడ్డూ చెప్పకుండా.

మధ్యేమార్గం ఒకటి తోచింది. పత్రం చివర "సహకరించిన గంగామణికి కృతజ్ఞతలు" అంటే సరిపోదూ? సరిపోతుంది, టైపింగ్ హెల్ప్ అన్నట్టుగా. రెజీనా కుర్చీ లాక్కుని కూర్చుంది. నిజం రాస్తే ఏం పోతుందో ఆమెకి బాగా తెలుసు. జాబితా చెత్తబుట్టలో పడొచ్చు. రెండో పేరు పోవచ్చు. "నీకు చూడటం వచ్చు" అన్న మనిషి ఇంకెప్పుడూ ఆ మాట అనకపోవచ్చు. తొమ్మిదేళ్ళకి దొరికిన తలుపుని తన చేత్తోనే మూసుకోవడం.

"మీ ఇంటిపేరేంటి?" అంది.

గంగామణి వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా వచ్చారేమోనని. మూడేళ్ళుగా తనకంటే పదేళ్ళు పెద్దామెని నువ్వు నువ్వు అంటూనే ఉంది రెజీనా.

"మిమ్మల్నే. నిజం రాసేస్తాను. మీరు సరేనంటేనే. భయమైతే చెప్పండి, పేరు లేకుండా, చూసింది నేను కాదని మాత్రం రాస్తాను."

"భయమెందుకు? నేను ఆడ చుక్కలు సూసిన అని రాస్తవ్. ఈడ గిన్నెలు తోమిన అని కాదు గద. తోమింది నువ్వేనాయె." నవ్వి, అంతలోనే ఆగి ఆలోచించింది. "అత్తగారింటిది ఆడెపు. పుట్టింటిది గాజెంగి. గాజెంగి రాయి మేడం. ఆడెపు అని కార్డు మీద శానసార్లు వడ్డది."

రెజీనా పాత జవాబు చెరిపేసి రాయడం మొదలుపెట్టింది. "మాలతి గారూ, ఫిబ్రవరి పద్దెనిమిది నుంచి నా జాబితాలో ఉన్న కళ్ళు నావి కావు. ఏప్రిల్లో ఆ రెండు వారాలు మాత్రం నావి, నా యాభై ఎనిమిది నాకు మళ్ళీ వచ్చింది. మిగిలిన పదకొండు వారాలూ, మొదటి రెండూ కొంత, తక్కినవి మొత్తం, చూసినది గాజెంగి గంగామణి గారు. ఆ గెలాక్సీని నేను లేదని కొట్టేశాను, ఆమె ఉందన్నారు. నేనే చూశానని ప్రతి వారం అబద్ధం చెప్పాను. మీ లెక్క నా వల్ల తప్పయింది. ఆ పదకొండు వారాలూ నా పేరు మీంచి తీసేయండి. నన్నేం చేసినా సరే, ఆమెని మాత్రం కృతజ్ఞతల్లో పెట్టొద్దు." ఒకసారి చదివింది. రెండోసారి చదివితే పంపలేనని తెలిసి పంపేసింది.

తేలికపడుతుందనుకుంది. పడలేదు. బరువు అలాగే ఉంది. కాకపోతే ఇప్పుడు దాన్ని ఎవరికీ తెలీకుండా మోయక్కర్లేదు. ఈ వారం ఫొటోలకి కొత్త జాబితా తెరిచి, పైన గాజెంగి గంగామణి అని కొట్టి, లాప్‌టాప్ ఆమె ముందుకి జరిపి, తను సింకు దగ్గరికి వెళ్ళింది. వాళ్ళు ఈ జాబితా తీసుకుంటారో లేదో తెలీదు. గంగామణి మెడ పక్కకి వంచింది. గులాబీ, గులాబీ, ఊదా, గులాబీ.

లిఫ్టు దడేలుమంది.

గంగామణి దిగ్గున లేచింది. రెజీనా గుండె కూడా అలవాటు ప్రకారం సోఫా వైపు ఉరికింది, కాళ్ళే కదల్లేదు.

"కూర్చోండి" అంది.

"మేడం, అత్తమ్మ అస్తున్నది."

"రానివ్వండి. ఇంకా ఎన్నున్నాయి?"

"నలబై."

"చూసేయండి మరి."

తలుపు తెరుచుకుంది. ముందు సామ్రాజ్యమ్మ, వెనక పాపనెత్తుకుని వెస్లీ. బల్ల మీద కోడిముక్కలు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. పనిమనిషి కుర్చీలో, కోడలు మోచేతుల దాకా సబ్బు నురగతో సింకు ముందు. సామ్రాజ్యమ్మ పాటల పుస్తకం సంచీ గుమ్మంలోనే దించేసింది. బిల్డింగంతా వినపడేలా అరిచింది. "ఇదేం చోద్యమే! నీకు తలనొప్పన్నావు కదే!"

"లేదండీ అత్తయ్యా. ఏ శుక్రవారమూ లేదు."

వెస్లీ పాపని దించాడు. గంగామణిని చూసి, తెర చూసి, భార్యని చూసి, చివరికి తనకి తెలిసిన ప్రశ్నే అడిగాడు. "మరి నా రిపోర్టు?"

"మీ రిపోర్టు మీరే రాసుకోండి" అంది రెజీనా, నీళ్ళ చప్పుడు తగ్గేలా కుళాయి కట్టేస్తూ. "ఇద్దరూ కాస్త మెల్లగా మాట్లాడండి. గంగామణి గారు పనిలో ఉన్నారు."